మొరం గ్రౌండుకు నేను తెప్పించిన నీళ్ళు

నా వీడ్కోలు సభలో మా ప్రిన్సిపాల్ చెప్పిన కథ అబద్ధం. ఆయన కావాలని చెప్పలేదు. కాలేజీకి వచ్చి మూడేళ్ళే అయింది, విన్నదే చెప్పాడు. "కర్దనూర్ సరిత లాంటి క్రీడాకారిణిని తయారు చేసిన మేడం ఈమె. ఇంట్లో వాళ్ళు తొందరపడి పెళ్ళి చేశారు గానీ, లేకపోతే ఆ అమ్మాయి ఇవాళ ఎక్కడ ఉండేదో!" అన్నాడు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. నేను జారిపోతున్న శాలువా సర్దుకుని నవ్వాను. ఆ నవ్వు కూడా అబద్ధమే.

ఈ కథ మా పటాన్‌చెరు చుట్టుపక్కల బాగా నడుస్తుంది. ఆడపిల్ల ఆట ఆగిపోతే తల్లిదండ్రుల మీద తోసేయడం అందరికీ సుఖం. కాలేజీకి సుఖం, కంపెనీలకు సుఖం, నాలాంటి కోచ్‌కి మరీ సుఖం. సరిత పెళ్ళి ఆమె ఆట ఆగిపోయిన నాలుగేళ్ళకు జరిగింది. ఆట ఆపింది ఆమె ఎడమ మోకాలు. ఆ మోకాలు పాడైపోవడంలో నా చెయ్యి ఉంది. చెయ్యి అంటే మాటవరసకు కాదు, నా చేతి సంతకం.

డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ మధ్య సలహాల కోసం ఫోన్ చేస్తున్నారు. ఏ డ్రిల్ చేయించాలి, ఏ స్టిక్ కొనాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

విజిల్ తర్వాత నోరు లేవద్దు

కాలేజీలో పీడీ మేడం అంటే జెండా పండగకు తాడు కట్టే మనిషి, మీటింగులకు కుర్చీలు వేయించే మనిషి, ర్యాలీలో పిల్లలను వరసలో నిలబెట్టే మనిషి. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో ఆట. నేను ఈ పద్ధతి మీద ఇరవై ఏళ్ళకు పైగా పోట్లాడాను. స్టాఫ్ రూంలో నా నోటికి జడిసి నేను లోపలికి వస్తే మాట మార్చేవాళ్ళు. నాకు అది గర్వంగానే ఉండేది.

కానీ గ్రౌండ్‌లో మా పిల్లలు నోరెత్తితే నాకు పడేది కాదు. దానికో కారణం ఉంది. నా మొదటి యూనివర్సిటీ హాకీ టోర్నమెంటులో మా సెంటర్ హాఫ్ అంపైర్‌తో వాదించి కార్డు తెచ్చుకుంది. పదిమందితో ఆడి ఓడిపోయాం. ఆ సాయంత్రమే రూలు పెట్టాను: విజిల్ ఊదాక నోరు లేవద్దు. అంపైర్ విజిల్ అయినా సరే, నా విజిల్ అయినా సరే. ఎందుకు అని అడగొద్దు, చెప్పింది చెయ్యాలి. ఈ రూలుతో మేము చాలా మ్యాచ్‌లు గెలిచాం. బయటి కోచ్‌లు వచ్చి "మీ పిల్లలకు ఎంత క్రమశిక్షణ మేడం" అనేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని. ఊరంతటితో కొట్లాడేదాన్ని, నలభైమంది ఆడపిల్లల నోరు కుట్టేశానని అప్పుడు అనిపించలేదు.

కర్దనూర్ నుంచి వచ్చిన పిల్ల

సరితను వాళ్ళ నాయన రాములు తీసుకొచ్చాడు. కొద్దిపాటి పొలం, ఒక బర్రె, ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ డ్యూటీ. రాత్రి షిఫ్టు దిగి అదే యూనిఫాంలో వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కబడ్డీ అంటె ఎరుకనే మేడం. గీ కట్టెల ఆటేంది? తలకాయ పగిల్తె ఎట్ల?"

"పగిల్తె నేనున్న గద."

"మీరుంటే కుట్లేస్తరా?"

సరిత పక్కకు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. "కుట్ల దాకా రానియ్య, ఇడిసిపెట్టి పోన్రి" అన్నాను. ఆయన నమ్మి అప్పగించి పోయాడు.

మా టీంలో రెండు రకాల పిల్లలుండేవాళ్ళు. ప్లాంటు కాలనీ నుంచి, బీరంగూడ నుంచి వచ్చేవాళ్ళకు మంచి బూట్లు, వెంట నీళ్ళ సీసాలు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు అక్కలు వాడి ఇచ్చిన కాన్వాస్ బూట్లు. మొదట్లో నేను బూట్లు చూసి పిల్లల్ని ఎంచుకున్నాను. ఒప్పుకుంటాను, అది నా తప్పు. సరిత వచ్చిన నెలకే ఆ తప్పు దిద్దుకున్నాను. ఆ పిల్ల కాళ్ళలో పరుగు మామూలుదే, కానీ బంతి ఎటు వస్తుందో బంతి కంటే ముందు తెలిసేది. ఫుల్‌బ్యాక్‌లో పెట్టాను.

ఫుల్‌బ్యాక్‌కి అసలు విద్య వంగడం. ఎదురుగా వస్తున్న బంతికి స్టిక్‌ను నేల మీద అడ్డంగా పడుకోబెట్టాలి. అలా పడుకోబెట్టాలంటే ఎడమ మోకాలు, ఎడమ చేతి వేళ్ళ కణుపులు నేలకు రాసుకుంటాయి. పచ్చటి టర్ఫ్ మీద అయితే జారిపోతారు. మాది మొరం. ఎర్ర మట్టి, సన్న గులకరాళ్ళు. ఆడిన ప్రతిసారీ తోలు లేస్తుంది. "మోకాలు ఆనాలె సరితా! ఆనకపోతే బంతి కిందికెళ్ళి పోతది" అని నేను అరిచేదాన్ని. ఆనించేది. రెండో ఏడాది యూనివర్సిటీ టీంలోకి వెళ్ళింది. ఆ మ్యాచ్‌లకు వచ్చిన రైల్వే కోచ్ ఒకాయన నా దగ్గరకొచ్చి పేరు రాసుకున్నాడు. "రాష్ట్ర క్యాంపులో నిలబడితే చాలు, స్పోర్ట్స్ కోటాలో మేం చూసుకుంటాం" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సరిత నా పక్కన కూర్చుంది.

"నాకు రైల్వేల అయితె మా నాయిన నైటు డ్యూటీ బంజేస్తడా మేడం?"

"ఎందుకు చెయ్యడు? నువ్వు బంజేపిస్తవ్."

ఆ పిల్లకు ఆట అంటే అదీ. మెడల్ కాదు, పేపర్లో ఫోటో కాదు. వాళ్ళ నాయన ఇంట్లో పడుకోవడం. క్యాంపుకు ఇంకా మూడు నెలలుంది.

ట్యాంకర్

శివరాత్రి దాటాక కాలేజీ బోరు ఎండిపోయింది. మొరం గ్రౌండు ఆరితే రెండు నష్టాలు. దుమ్ము కళ్ళలో పడుతుంది, బంతి గులకరాయికి తగిలి మొహం మీదికి లేస్తుంది. అందుకే ప్రాక్టీసుకు ముందు నీళ్ళు చల్లి నేలను అణచాలి. నీళ్ళు లేకుండా క్యాంపుకు ఫుల్‌బ్యాక్‌ను తయారు చెయ్యడం కుదరదు.

నేను ఊరుకునే రకం కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ గేటు ముందు మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు లోపలి ఆఫీసరు పిలిచాడు. "మా దగ్గర శుద్ధి చేసిన నీళ్ళున్నాయి మేడం, మా మొక్కలకు అవే పోస్తాం, రోజూ ఒక ట్యాంకర్ పంపిస్తాను, ఉత్తదే, ఒక లెటర్ ఇవ్వండి చాలు" అన్నాడు. కాలేజీ లెటర్‌హెడ్ మీద నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. కింద అప్పటి ప్రిన్సిపాల్ పెట్టాడు. నీళ్ళలో ఏముందని నేను అడగలేదు. అడగాలని తట్టలేదు. ఆ ట్యాంకర్ తెచ్చినందుకు స్టాఫ్ రూంలో వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

ట్యాంకర్ డ్రైవర్ యాదగిరి. మంచి మనిషి. మొదటి రోజు పైపు విప్పుతూ పిల్లలకు చెప్పాడు, "తాగకున్రి బిడ్డా, గంతే."

"తాగనీకి మేమేమన్న పిచ్చోళ్ళమా అన్నా?" అన్నాను నేనే.

"ఏమో మేడం, పిల్లలు గద. చెప్పుడు నా పని."

నీళ్ళకు వాసన ఉంది. తడిసిన అగ్గిపుల్లల పెట్టె లాంటి వాసన. నేల మీద పడ్డ చోట అంచుల్లో తెల్లగా నురుగు నిలిచేది. పటాన్‌చెరులో వాసన గురించి మాట్లాడేది కొత్తగా దిగినవాళ్ళే. మిగతా మా అందరి ముక్కులూ ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నురుగు చూసి ట్యాంకర్‌ను సబ్బుతో కడిగి ఉంటారనుకున్నాను. చదువుకున్నదాన్ని, అంతకంటే తెలివైన సాకు దొరకలేదా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతాను.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. గ్రౌండు మీద చల్లడంతో ఆగితే వేరే సంగతి. నేను ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ చేసినదాన్ని. దెబ్బ తగిలితే మట్టి ఉండకూడదు, శుభ్రంగా కడగాలి అని పాఠం. కాలేజీ నల్లాల్లో నీళ్ళు లేవు. పిల్లలు ఇంటికి చేరేసరికి గంటన్నర. అందుకని ప్రాక్టీసు అయ్యాక రోజూ ట్యాంకర్ అడుగున మిగిలిన నీళ్ళ దగ్గర వాళ్ళను వరసగా నిలబెట్టాను. మేజోళ్ళు దింపించాను. ఎవరికి ఎక్కడ తోలు లేచిందో నా కళ్ళతో చూసి, ఆ పైపు కింద కడిగించాను. సరిగ్గా కడగని పిల్లను వెనక్కి పిలిచి మళ్ళీ కడిగించాను. దగ్గరుండి, జాగ్రత్తగా, తల్లిలాగా. విజిల్ ఊదేదాన్ని, ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. ఎవరూ నోరెత్తలేదు. ఫుల్‌బ్యాక్ కదా, అందరికంటే ఎక్కువ దెబ్బలు సరితకే. అందరికంటే ఎక్కువసేపు ఆ పైపు కింద మోకాలు పెట్టింది సరితే.

మోకాలు

పదిహేను రోజులకు పిల్లలకు కాళ్ళ మీద దురద మొదలైంది. చెమటకాయలన్నాను. సరిత మోకాలికి నీక్యాప్ తొడుక్కుని వచ్చింది. "ఏందే, పెద్ద ప్లేయర్‌వైపోయినవా?" అని ఎగతాళి చేశాను. నవ్వింది. ఆ నీక్యాప్ కింద దెబ్బ మానడం లేదని, అంచులు తెల్లబడి తర్వాత నల్లబడుతున్నాయని నాకు చెప్పలేదు. పైపు దగ్గర కూడా అప్పటి నుంచి వీపు నా వైపు తిప్పి కడుక్కునేది. చిన్న దెబ్బకు కూర్చునేవాళ్ళను క్యాంపుకు పంపనని నేనే అందరి ముందూ చెప్పి ఉన్నాను.

క్యాంపుకు వెళ్ళిన మూడో రోజు అక్కడి వార్డెన్ ఫోన్ చేసింది. అమ్మాయికి జ్వరం, నిలబడలేకపోతోంది, మోకాలు కుండలా ఉంది అని. నేను వెళ్ళేసరికి ఆస్పత్రిలో వేశారు. చీము కీలు లోపలికి దిగింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కాలు మిగిలింది, మోకాలు మడవడం మిగల్లేదు. రైల్వే కోచ్ ఆ క్యాంపుకు వచ్చి ఇంకొక పిల్ల పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరు నన్ను అడిగాడు, ఎలాంటి నేల మీద ఆడతారు, ఏ నీళ్ళతో కడుగుతారు అని. చెప్పాను. "నీళ్ళ వల్ల కావచ్చు, మట్టి వల్లా కావచ్చు, ఇప్పుడు చెప్పలేం" అన్నాడు. ఆ "చెప్పలేం" అన్న మాట చాటున నేను చాలా ఏళ్ళు దాక్కున్నాను.

వరండాలో రాములు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మేడం, గ్రౌండ్ల ఏం నీళ్ళు పోస్తున్నరు?"

"కంపెనీ ట్యాంకర్."

ఆయన మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

"మా పొలం ఎన్క నాలా ఉన్నది మేడం. కంపెనీల నీళ్ళే వస్తయ్ అండ్ల. గా దిక్కు మా బర్రెను పోనియ్యం. పొయ్యిందా, కాళ్ళకు పుండ్లు లేస్తయ్, మానయ్. చిన్నప్పటి సంది సరితనే మర్లేస్తుండె దాన్ని, కట్టె పట్టుకొని."

నేను వార్డు తలుపు వైపు చూశాను. 

"మీకు ఎరుకలేదా మేడం? సదువుకున్నోళ్ళు గద" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.

సీసా

మర్నాడు ట్యాంకర్ వచ్చినప్పుడు ఒక సీసా నింపుకున్నాను. యాదగిరి చూసి, పైపు విప్పే పనిలో పడ్డాడు. సీసా తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. అప్పటి ప్రిన్సిపాల్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పైగా కెమిస్ట్రీలో డాక్టరేట్. మూత తీసి ఒక్కసారి వాసన చూశాడు. వెంటనే మూత పెట్టేశాడు. ఆయనకు తెలిసిపోయిందని ఆ మూత పెట్టడంలోనే నాకు తెలిసింది.

"టెస్ట్ చేయిద్దాం సార్" అన్నాను.

"చేయిస్తే కాగితం వస్తుందండీ. కాగితం వస్తే అడిగేవాళ్ళు వస్తారు. నీళ్ళు పంపమని రాసిందెవరు అంటారు. ఆ లెటర్ మీద పైన సంతకం ఎవరిదండీ?"

"నాదే. కింద మీది."

"అందుకే చెబుతున్నానండీ. ఇద్దరి మంచికే."

స్టాఫ్ రూంను గడగడలాడించినదాన్ని, గేటు ముందు మూడు రోజులు నిలబడ్డదాన్ని, ఆ గదిలోంచి నోరు మూసుకుని బయటికి వచ్చాను. సీసాను స్పోర్ట్స్ రూం బీరువాలో పెట్టి తాళం వేశాను. గ్రౌండుకు ఇక నీళ్ళు అవసరం లేదని కంపెనీకి ఒక్క వాక్యం రాసి ట్యాంకర్ ఆపించాను. కారణం రాయలేదు. దురదలు వచ్చిన మిగతా పిల్లల ఇళ్ళకు కబురు పెట్టలేదు. వాళ్ళకు నెమ్మదిగా తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. రెండేళ్ళ తర్వాత గదికి సున్నం వేసేటప్పుడు ఎవరో ఆ సీసాను పాత బంతులతో పాటు పారేశారు. నేను వెతకలేదు. ఎవరినీ అడగలేదు.

ప్రిన్సిపాల్‌ను తిట్టడం సులువు. ఆయన తన సంతకం కాపాడుకున్నాడు, నేను నాది కాపాడుకున్నాను. ఇద్దరిలో సరిత మోకాలిని దగ్గరుండి కడిగించింది మాత్రం నేను.

కొత్త పిల్లలకు చెబుతున్నాను. ఉచితంగా వచ్చిన ప్రతిదాని గురించీ ఎందుకిస్తున్నారని అడగండి. గ్రౌండు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో మాట్లాడండి. ఏ నేల, ఏ నీళ్ళు ఎలాంటివో వాళ్ళ పశువులకు కూడా తెలుసు, మనకు తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, మీ టీంలో పిల్లలెవరూ మీకు ఎదురు చెప్పడం లేదంటే మురిసిపోకండి. భయపడండి.

చిట్కుల్

వీడ్కోలు సభ అయిన వారానికి సరిత ఇంటికి వెళ్ళాను. భర్త ఫ్యాక్టరీలో పని చేస్తాడు, చిట్కుల్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. సరిత బ్లౌజులు కుడుతోంది, ఎడమ కాలు తిన్నగా చాపుకుని.

"మోటర్ పెట్టించుకున్న మేడం. కాలుతోని తొక్కుడు రాదు గద" అంది, నేను మిషను వైపు చూడడం గమనించి.

"నాయిన ఎట్లున్నడు?"

"ఇంకా డ్యూటీనే. నైటే."

మొత్తం చెప్పాను. లెటర్, సంతకం, నురుగు, సీసా, ప్రిన్సిపాల్ మాట, బీరువా తాళం. పద్నాలుగేళ్ళు మోసింది పది నిమిషాల్లో అయిపోయింది. సరిత బట్ట మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"గదంతా ఇప్పుడెందుకు మేడం?"

"పెండ్లి అయ్యి ఆట బందయిందని మైకుల చెప్పిన్రు. నేను ఊకున్న."

"చెప్పుకోనీయున్రి. మా అత్తగారి దిక్కు గూడ అసలు సంగతి ఎరుకలేదు. పుండు అయ్యి కాలు ఖరాబయిందంటే ఎవరు చేసుకుంటుండె నన్ను? కింద పడ్డ అని చెప్పినం." నవ్వింది. "మా ఆయనకు గూడ గంతే ఎరుక. మీరు చెప్పకున్రి."

సరేనన్నాను. ఇది అచ్చులో వస్తే ఎలా అని తర్వాత అడిగాను. ఆలోచించి, పేర్లూ ఊళ్ళూ మార్చమంది. మార్చాను.

అప్పుడు నేను వచ్చిన అసలు పని బయటపెట్టాను. వాళ్ళ నాయన ఆస్పత్రి వరండాలో చెప్పిన బర్రె మాట చెప్పి, ఒక సంగతి అడిగాను. సరిత దారం పళ్ళతో కొరికి తెంపింది. బ్లౌజు తిరగేసి కుట్టు చూసుకుంది. "చాయ్ పెడ్త, కూసోన్రి" అని బల్ల పట్టుకుని లేచి, కాలు పక్కకు విసురుతూ లోపలికి పోయింది. చాయ్ తెచ్చింది. పిల్లల చదువు గురించి, కిరాయి ఇల్లు మారడం గురించి మాట్లాడింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ చాయ్ ఇచ్చింది, అడిగిన దానికి మాత్రం జవాబు ఇవ్వలేదు.

నన్ను తిట్టినా పడతాను. కానీ ఇది తెలియకుండా నేను ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం ఏమిటో నాకే అర్థం కాదు. అందుకే ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను. సరితా, చిన్నప్పటి నుంచి కట్టె పట్టుకుని బర్రెను ఆ నీళ్ళ నుంచి మళ్ళించిన పిల్లవు. నా విజిల్‌కు వరసలో వచ్చి ఆ పైపు కింద మోకాలు పెట్టినప్పుడు, అది మీ నాలా వాసనేనని నీకు అప్పుడే తెలుసా?